ఫోటో పిన్ని సైటు గొడవ

కోపమొస్తే పిన్ని ముందు లెన్సు తుడిచేది, తర్వాత మాట్లాడేది. జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, లేని దుమ్మును కూడా తుడిచేది. స్టూడియోకి వచ్చినవాళ్ళు ముందు ఆ గుడ్డ వంక చూసి, ఆ తర్వాతే నోరు విప్పేవారు. సైటు గొడవ నడిచినన్నాళ్ళూ ఆ గుడ్డ జేబులోకి తిరిగి వెళ్ళిందే లేదు.

సొంత అక్క పిల్లలు పిలిచిన పిలుపు పట్టుకుని వీధి మొత్తం ఆవిడని ఫోటో పిన్ని అనేది. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన దర్జీ కూడా పిన్ని అనేవాడు. అతని కొట్టు పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే పైన స్టూడియో. కింద కుట్టుమిషను నడుస్తుంటే పైన నేల సన్నగా వణికేది. బల్ల మీద పడుకోబెట్టిన పసిబిడ్డ ముందు కెమెరా పట్టుకుని, ఆ వణుకు ఆగే క్షణం కోసం పిన్ని ఊపిరి బిగపట్టి కూర్చునేది. దర్జీ సూదిలో దారం మార్చుకునే సందులో తీసినవే ఆ స్టూడియోలో మంచి ఫోటోలు. ఆ సంగతి దర్జీకి తెలుసు. పైకి పసిబిడ్డ వెళ్ళడం చూస్తే ఆ రోజు అతని దారం మాటిమాటికీ తెగేది.

పుట్టి వారం పది రోజులైన పిల్లలంటే పిన్నికి ప్రాణం. పెద్దవాళ్ళు కెమెరా ముందు నటిస్తారు, వీళ్ళకి ఇంకా చేతకాదు అనేది. ఆ పిల్లల చెవి అంచు మీద సన్నటి నూగు ఉంటుంది, నెల తిరిగేసరికి రాలిపోతుంది. ఆ నూగు ఫోటోలో కనిపిస్తేనే ఆవిడ లెక్కలో అది ఫోటో. కనపడకపోతే తల్లిదండ్రులు ఎంత బాగుందన్నా మళ్ళీ తీసేది.

అయితే ఫోన్లొచ్చి స్టూడియోని మింగేశాయి. గుర్తింపు కార్డు ఫోటోలు కూడా జనం ఇంట్లో గోడకి ఆనుకుని తీసుకుంటున్నారు. ఏడాది చివరికి గది ఖాళీ చేసేద్దామని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒక మాట అనుకున్నాక, రెండు వీధుల అవతల ఉన్న ప్రసూతి ఆసుపత్రి నించి పిన్నికి కబురొచ్చింది. అక్కడ నర్సులందరి మీదా పెద్ద ఒకావిడ ఉండేది, పెద్ద సిస్టర్ అనేవారు. నవ్వితే డ్యూటీకి భంగమన్నట్టు ఉండేది ఆవిడ మొహం.

"చూడమ్మా, ఇక్కడ పుట్టే ప్రతి బిడ్డకీ ఇక మీదట నువ్వే ఫోటోలు తియ్యి" అంది పెద్ద సిస్టర్. "కాగితాల కవర్లు పట్టుకుని నా వార్డులో తిరగొద్దు. తల్లిదండ్రులు ఇంటికెళ్ళి నీ సైట్లో చూసుకోవాలి. వాళ్ళ బిడ్డని వాళ్ళే చూడాలి, ఇంకొకళ్ళ కంట పడకూడదు. ఎప్పుడు తెరిచినా తెరుచుకోవాలి. ఇవి నీ వల్ల అయితే పని నీది. కాకపోతే మొహమాటపడకు, ఇంకొకళ్ళని చూసుకుంటాను."

పిన్ని మెట్లెక్కుతూనే దర్జీకి చెప్పింది, గది ఉంటుందని.

సైటు అప్పటికే ఒకటుంది. మరిది పెట్టించాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుకునే ఆ మరిదికి, మూత విప్పగలిగిన ప్రతి వస్తువూ తనకి తెలుసనే నమ్మకం. హోస్టింగ్ అంటే ఏమిటని వదిన అడిగినప్పుడు అతను ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"సైటు అంటే నీ ఫోటోలు పెట్టే అల్మారా వదినా. ఆ అల్మారా ఎక్కడో ఒక గదిలో ఉండాలిగా. ఆ గదిని అద్దెకిచ్చేవాళ్ళే హోస్టింగ్ వాళ్ళు. నీకు కారుచౌకగా దొరికింది గది. ఎన్ని ఫోటోలైనా పెట్టుకో, అపరిమితం అని రాశాడు చూడు."

పిన్ని నమ్మింది. కెమెరాలోంచి వచ్చిన ఫోటో వచ్చినట్టే, ఒక్క చుక్క తగ్గించకుండా, గదిలోకి ఎక్కించింది. కొన్నాళ్ళకి, మీ వాడకం మరీ ఎక్కువగా ఉంది, తగ్గించుకోండని కంపెనీ నించి ఉత్తరం వచ్చింది.

"అపరిమితం అన్నారుగా" అంది పిన్ని.

"అపరిమితమే వదినా. కాకపోతే దానికో హద్దుంటుంది" అన్నాడు మరిది.

ఆ మాటకి ఎంతసేపు లెన్సు తుడిచినా సరిపోలేదు. అంతలోనే అసలు దెబ్బ తగిలింది. ఆసుపత్రి పని మొదలుపెట్టడానికి ముందే, పాత ఖాతాదారు ఒకామె ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"పిన్నీ, మా పాప ఫోటో నొక్కితే పేకాట బొమ్మ వస్తోంది. డబ్బులు గెలుచుకోండి అంటోంది. పాప మొహం మీదే పిన్నీ."

పిన్ని కాళ్ళ కింద నేల వణికింది. అప్పుడు కింద మిషను నడవడం లేదు. సైటు తెరిచి చూస్తే నిజమే. ఎవడో తలుపు తీసుకుని లోపలికొచ్చి, పిల్లల ఫోటోల మీద జూదం బోర్డులు తగిలించి పోయాడు. మరిదిని పిలిపించింది.

"పాస్‌వర్డ్ ఏం పెట్టావు?"

"గుర్తుండేలా పెట్టాను వదినా."

"నీకు గుర్తుండేలానా, ఊరందరికీ గుర్తుండేలానా?"

మరిది బుర్ర గోక్కున్నాడు. అతని కొట్టు పేరు, దాని పక్కన ఒకటీ రెండూ మూడూ. ఇంటి వైఫై నించి బ్యాంకు దాకా అన్నింటికీ అదే. సైటు నడిపే ప్రోగ్రాముని కొత్తగా చేసుకోమని కంపెనీ వాళ్ళు పంపిన కబుర్లన్నీ కూడా అతని మెయిలు పెట్టెలోనే తెరవకుండా పడున్నాయి. పిన్ని ఆ పూటే సైటు మూయించి, ఫోటోలు పెట్టిన ప్రతి తల్లికీ తనే ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకుంది. ఒకామె తిట్టింది. తిట్టినామె మీద పిన్నికి గౌరవం పెరిగింది.

ఆ కబురు పెద్ద సిస్టర్‌కి తెలియకుండా ఎలా ఉంటుంది.

"పసిపిల్లల మొహాలు తీసుకెళ్ళి జూదగాళ్ళ చేతిలో పెట్టలేనమ్మా" అంది ఆవిడ. "నెలాఖరు దాకా చూస్తాను. మంచి చోటు చూసుకుని, వచ్చి నా ఫోన్లో తెరిచి చూపించు. నీ ఫోన్లో కాదు, నా ఫోన్లో."

అక్కణ్ణించి పిన్ని వేట మొదలైంది. ఒక్కొక్క కంపెనీ గుర్తుగా పెట్టుకున్న బొమ్మ ఒక్కోలా ఉండేది కనక, వాటికి పేర్లు కూడా అలాగే పెట్టుకుంది. ఏనుగు బొమ్మ వాళ్ళు, గొడుగు బొమ్మ వాళ్ళు. అందరూ ఒకే పాట పాడేవారు. సైటు పడిపోదు, దొంగలు రారు, పొద్దస్తమానం మీ సేవలోనే ఉంటాం. రాసిన మాటలు చదివితే పిన్నికి పెళ్ళిచూపులప్పుడు తన గురించి తనవాళ్ళు చెప్పిన మాటలు గుర్తొచ్చేవి. అందులో అబద్ధం ఏదీ లేదు, నిజం కూడా పెద్దగా లేదు.

గొడుగు వాళ్ళని అడుగుదామని చాట్ తెరిస్తే, ఎవరో చక్కటి పేరున్న అమ్మాయి పలకరించింది. పిన్ని మర్యాదగా, అమ్మా, పిల్లల ఫోటోలకి ఒక్కో ఇంటికీ విడివిడిగా తాళం పెట్టచ్చా అని అడిగింది. మీరు తాళం గురించి అడిగారు, మా దగ్గర మూడు ప్యాకేజీలున్నాయి అంది అమ్మాయి. పిన్ని మళ్ళీ అడిగింది. మీ ప్రశ్న మాకెంతో విలువైనది అంది అమ్మాయి. నువ్వు మనిషివేనా తల్లీ అని రాస్తే, మా దగ్గర మూడు ప్యాకేజీలున్నాయి అంది.

భోజనం చల్లారిపోతోందని చెప్పడానికి వచ్చిన మొగుడు, భుజం మీదుగా తొంగి చూశాడు. నీళ్ళ శాఖలో గుమాస్తా ఆయన. మాటలు తూచి వాడేవాడు.

"ఈ అమ్మాయి మా ఆఫీసులో చేసేదే" అన్నాడు.

పిన్నికి నవ్వు రాలేదు. నెల కరిగిపోతోంది. ఏనుగు వాళ్ళ దగ్గర గది తీసుకుంది. ఫోటోలు ఎక్కించింది. పేజీ తెరవమంటే గుండ్రంగా ఒక చక్రం తిరిగేది. చక్రం తిరుగుతుండగా వెళ్ళి బట్టలు ఆరేసుకుని రావచ్చు. ఫోన్ చేస్తే అవతలి కుర్రాడు విసుక్కోకుండానే చెప్పాడు, ఫోటోలు మరీ పెద్దవిగా ఉన్నాయి, సైజు తగ్గించి పెట్టండి మేడమ్ అని.

"ఫోటో తీసేది నువ్వా, నేనా?" అంది పిన్ని.

"మీరే మేడమ్."

"మరి నీ గది ఇరుకైతే నా ఫోటోని నరకమంటావేం?"

మరిది కూడా ఆ మాటే అన్నాడు. చిన్నది చేసినా ఫోన్లో తేడా తెలీదు వదినా అన్నాడు. ఆ రోజు అతనికి టీ దొరకలేదు. చిన్నది చేస్తే ముందు పోయేది చెవి మీద నూగే. దాని కోసం దర్జీ దారం తెగే దాకా ఆగి తీసిన ఫోటో అది. నిదానంగా వచ్చినా నిండుగా రావాలి, అంతే. తప్పు గదిది అని తేల్చేసుకుంది పిన్ని. చచ్చేలోపు ఆవిడ మనసు మార్చుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, ఆ రోజు అందులో లేదు.

అప్పుడే ఆవిడకి ఒక పరీక్ష తట్టింది. కెమెరా కార్డులోంచి ఫోటోలు రెండు చోట్లకి ఎక్కించడం, ఎక్కించిన రెండో కాపీని తెరిచి చూశాకే కార్డు తుడవడం పిన్నికి మామగారి దగ్గర అబ్బిన అలవాటు. స్టూడియో పెట్టింది ఆయనే. తెరిచి చూడని కాపీ ఉన్నా లేనట్టే అనేవాడట ఆయన. ఈ కంపెనీలన్నీ రోజూ మీ ఫోటోలకి కాపీ తీస్తాం అని రాస్తున్నాయి గదా, సరే, తీశారో లేదో చూద్దామనుకుంది. ఏనుగు వాళ్ళ గదిలో ఉన్న ఫోటోలన్నీ తనే తుడిచేసి, పోయాయి, తెచ్చిపెట్టండని ఫోన్ చేసింది.

కాపీ దాచుకోవడం మీ బాధ్యత అన్నారు వాళ్ళు. ఒప్పుకున్నట్టు సంతకం పెట్టారుగా అని కూడా అన్నారు. గొడుగు వాళ్ళ దగ్గర ఉచితంగా కొన్నాళ్ళిచ్చే గది తీసుకుని అక్కడా అదే పని చేసింది. మూడు ప్యాకేజీలున్నాయి అంది అమ్మాయి.

"వదినా, ఎక్కడికక్కడ నీ ఫోటోలు నువ్వే పారేసుకుంటూ తిరుగుతున్నావు, చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు మరిది.

"నీ పాస్‌వర్డ్ చూసినవాళ్ళు అనుకున్నదాని కంటే ఎక్కువేం అనుకోరులే."

మూడో కంపెనీకి బొమ్మే లేదు. చిన్నది. ఫోన్ చేస్తే మనిషే ఎత్తాడు. వెనక ఫ్యాను చప్పుడు, ఎవరో కుర్చీ లాగుతున్న చప్పుడు. సాంకేతిక విభాగమంతా తనేనట. పిన్ని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. ఒక్కో ఇంటికీ విడిగా తాళం పెట్టచ్చా. సైటు నడిపే ప్రోగ్రాముని ఎవరు కొత్తగా చేస్తారు, నేనా, మీరా. నేను లోపలికి వెళ్ళేటప్పుడు పాస్‌వర్డ్‌తో పాటు ఫోనుకి కూడా అంకెలు వస్తాయా. పక్క గదిలో దొంగ పడితే నా గదిలోకి రాగలడా. అతను కొన్నింటికి జవాబు చెప్పాడు. చివరిదానికి మాత్రం, "సరిగ్గా తెలీదమ్మా, కనుక్కుని చెప్తాను" అన్నాడు. సాయంత్రానికి ఫోన్ చేసి చెప్పాడు కూడా. ఇన్నాళ్ళ వేటలో తెలీదు అన్నవాణ్ణి పిన్ని అతన్నొక్కణ్ణే చూసింది.

గది తీసుకుంది. ఎక్కించింది. మర్నాడు అన్నీ తుడిచేసి ఫోన్ చేసింది.

"ఎలా పోయాయమ్మా?"

"నేనే తీసేశాను."

"పొరపాటునా?"

"కాదు, కావాలనే."

అవతల కుర్చీ ముందుకి లాక్కున్న చప్పుడైంది. "ఎందుకండీ?"

"నువ్వు తేగలవో లేదో చూద్దామని."

ఆవిడ టీ తాగి గ్లాసు కడిగే లోపల ఫోటోలన్నీ వాటి చోట్లకి వచ్చి కూర్చున్నాయి. పిన్ని ఒక్కొక్కటీ తెరిచి చూసుకుంది.

"ఈసారి చెప్పి తీసెయ్యండమ్మా, గుండాగినంత పనైంది" అన్నాడతను. ఆ వెంటనే, కాస్త జంకుతూ, "ఒక్క మాట. ఒక్కో ఫోటో ఇంత పెద్దదైతే, చూసేవాళ్ళ ఫోన్లో..."

"నీ గది సంగతి నువ్వు చూసుకో నాయనా, నా ఫోటో సంగతి నాకొదిలెయ్" అంది పిన్ని. ఆ గొంతులో అన్నాళ్ళకి ఒక తీపి వినిపించింది.

ఆ సైటు ఇప్పటికీ తెరుచుకుంటుంది. పిన్ని లేదు, స్టూడియో తలుపుకి ఇంకెవరిదో బోర్డు. కానీ ఏ వేళప్పుడు పేరు కొట్టినా, ఎడమ చేతి మీద చెంప ఆన్చుకుని నిద్రపోతున్న, ఇంటివాళ్ళు సరేనన్నాకే పెట్టిన ఎవరి పాపో ముందుగా కనిపిస్తుంది. తాళం లోపలివి కావాలంటే మాత్రం ఆ ఇంటివాళ్ళే తెరవాలి. ఆవిడ ఎంపిక అంత గట్టిది. అయినా ఆసుపత్రికి వెళ్ళిన రోజు మాత్రం ఆవిడ పరువు పోయినంత పనైంది.

నెలాఖరుకి ఒక రోజు ముందే వెళ్ళింది పిన్ని. మూట మోసేవాడిలా ల్యాప్‌టాప్ సంచి పట్టుకుని మరిది వెనకాలే. వార్డు బయట వరండాలో పెద్ద సిస్టర్ నిలబడే ఫోన్ తీసింది. అంచు పగిలిన పాత ఫోను. పేరు కొట్టింది. సైటు వచ్చింది, తాళం అడిగింది, అంకెలు వేస్తే తెరుచుకుంది. పిన్ని గుండె కుదుటపడింది. పెద్ద సిస్టర్ మొదటి ఫోటో నొక్కింది.

ముందు ఫోటోలో పైనున్న గోడ కనిపించింది. అంతే, అక్కడ ఆగింది. కాసేపటికి దుప్పటి అంచు ఒక పట్టీలా దిగింది. మళ్ళీ ఆగింది. లోపలెక్కడో గంట మోగితే పెద్ద సిస్టర్ వెళ్ళి పని చూసుకుని వచ్చింది. వచ్చేసరికి బిడ్డ నుదురు సగం దాకా వచ్చింది.

"ఈ బిడ్డ పుట్టడానికి పట్టినంత సేపు పడుతోందమ్మా" అంది ఆవిడ, మొహంలో ఏమీ లేకుండా.

పిన్ని పక్కకెళ్ళి ఫ్యాను చప్పుడు మనిషికి ఫోన్ చేసింది. "నీ సైటు పడిపోయింది. నా మొహం మీద కొట్టావు."

"లేదమ్మా, చూస్తూనే ఉన్నాను, బ్రహ్మాండంగా నడుస్తోంది. ఫోటో ఇంకా దిగుతోంది. అక్కడ నెట్ సన్నంగా ఉంది. అంత పెద్ద ఫోటో దాంట్లోంచి రావాలిగా."

"అయితే తప్పు ఎవరిది?"

ఫోటో సైజెంతో అంకెల్లో చెప్పాడతను. ఆ అంకెలే ఆవిడకి ఎక్కువ ఒళ్ళు మండించాయి. వెనక్కి వస్తే పెద్ద సిస్టర్ ఫోన్ జేబులో పెట్టేసుకుంటోంది.

"కొత్త చోటన్నావు, తాళాలన్నావు, బాగానే ఉన్నాయి. చూడ్డానికి రానిది ఎంత భద్రంగా ఉంటే నాకెందుకు? తల్లులు బస్సుల్లో, మంచాల మీద, ఇలాంటి ఫోన్లలోనే చూస్తారు. నువ్వు మంచిదానివే, కానీ నాకు టైం లేదమ్మా."

మరిది గోడకి ఆనుకుని నేల వంక చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "తగ్గించు వదినా."

"నోర్ముయ్."

నోర్ముయ్ అంటూనే సంచి లాక్కుంది. వరండాలో వరసగా ఉన్న ఇనప కుర్చీల్లో చివరిదాంట్లో కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. "ఒక్క ఐదు నిమిషాలు సిస్టర్ గారూ, ఒక్క ఐదు నిమిషాలు." పక్క కుర్చీలో ఎవరి తండ్రో అరటిపండు తింటూ తెర మీదకి తొంగి చూస్తున్నాడు. పిన్ని ఫోటో తెరిచింది. సైజు తగ్గించే గడిలో అంకె మార్చింది. చెవి అంచు మీద బంగారం పొడిలా ఉన్న నూగు ఒక మసక గీతై, అది కూడా లేకుండా పోయింది. ఒకసారి వెనక్కి మార్చి చూసుకుంది. మళ్ళీ తగ్గించింది. ఎవరో చెయ్యి మెలిపెడుతుంటే సంతకం చేసినట్టు, పళ్ళు బిగించి, ఎక్కించింది.

పెద్ద సిస్టర్ నొక్కీ నొక్కగానే బిడ్డ మొత్తం ప్రత్యక్షమైంది. ఆవిడ మళ్ళీ వెనక్కెళ్ళి మళ్ళీ నొక్కింది. మళ్ళీ వచ్చింది. పని చేసుకుంటున్న ఇంకో నర్సుని పిలిచి ఆమె ఫోన్లోనూ నొక్కించింది.

"ఇదేగా నేనడిగింది" అంది. "రేపట్నించి రా."

పని వచ్చింది, స్టూడియో గది నిలబడింది. ఇంటికొచ్చే దారిలో వీధి మలుపు దగ్గర పిన్ని ఆగి, "ఆ ఏనుగు వాళ్ళని తిట్టిన తిట్లలో సగం వెనక్కి తీసుకోవాలిరా" అంది. నాలుగడుగులు వేశాక, "కాపీ లేదన్నందుకు తిట్టినవి మాత్రం ఉంచుతాను" అంది.

అన్ని ఫోటోలనీ ఒక్క మీట నొక్కితే చిన్నవి చేసే ప్రోగ్రాము మరిది తెచ్చిచ్చాడు. పిన్ని ముట్టుకోలేదు. ఎంత పోతోందో చూసుకుంటూ, తిట్టుకుంటూ, ఒక్కొక్కటీ తన చేత్తోనే తగ్గించుకునేది. ఆ పనికే రోజులో సగం పోయేది. అంత కష్టపడి ఎక్కించాక తల్లుల ఫోన్లు వచ్చేవి. మరిది ఎదురుగా ఉండగా ఒకసారి అలాగే వచ్చింది.

"పిన్నీ, చూశాం. నొక్కగానే తెరుచుకుంది."

"తెరుచుకుంది సరే. ఫోటో ఎలా ఉంది?"

"భలే స్పీడుగా ఉంది పిన్నీ. మా ఆడపడుచు వాళ్ళ పాపకి ఫోటోలు తీసినవాళ్ళ సైటైతే అసలు తెరుచుకోదు."

పిన్ని సరే తల్లీ అని ఫోన్ పెట్టేసింది.

"మెచ్చుకుంటున్నారుగా వదినా, మళ్ళీ ఆ మొహమేంటి?"

"నన్ను కాదురా, ఆ ఫ్యాను అబ్బాయిని" అంది పిన్ని. తర్వాతి ఫోటో తెరిచి, కళ్ళు చిట్లించి, తెరకి దగ్గరగా వంగింది. "లే, వెలుతురుకి అడ్డం."